డప్పు దెబ్బ, దాని మోత మెదడులో ఎక్కడ ఒకటవుతాయి?

ప్రశ్న (తిరుపతి): గంగజాతరలో పది మీటర్ల దూరంలో డప్పు కొడుతుంటే, కర్ర తగలడం కనిపించిన తరువాత సుమారు 30 మిల్లీసెకన్లకు గాని మోత చెవికి చేరదు. అయినా రెండూ ఒకే క్షణంలో జరిగినట్లే అనుభవానికి వస్తాయి. వీటిని కలిపే కేంద్రం మెదడులో ఏదైనా ఉందా?

జవాబు (చిత్తూరు): అన్నింటినీ కలిపే ఒకే కేంద్రం ఇంతవరకు దొరకలేదండీ. అయితే మధ్యమెదడులోని సుపీరియర్ కొలిక్యులస్ అనే భాగంలో ఉన్న కొన్ని నాడీకణాలు, దృశ్యం, ధ్వని ఒకే చోటి నుంచి దాదాపు ఒకే సమయంలో అందితే, విడివిడిగా అందినప్పటికంటే చాలా బలంగా స్పందిస్తాయి. ఆ 'దాదాపు ఒకే సమయం' అన్నదానిలో కొంత వెసులుబాటు ఉంటుంది కనుకనే మీరు చెప్పిన ఆలస్యం మనకు తెలియదు.

మరొక జవాబు: కలపడమే కాదు, మెదడు సవరిస్తుంది కూడా. 'బ' అనే ధ్వని వినిపిస్తూ 'గ' పలికే పెదవులను చూపిస్తే చాలామందికి 'ద' వినిపిస్తుందని 1976లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ ప్రకటించారు. విషయం తెలిసినవారికి కూడా సాధారణంగా అలాగే వినిపించడం నన్ను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది.

ప్రశ్నించినవారు: అలాగైతే ఈ కలయికనే చైతన్యం అనవచ్చునా?

జవాబు (చిత్తూరు): నా అభిప్రాయంలో అనకూడదు. నేను పైన చెప్పిన స్పందనను మత్తుమందు ఇచ్చిన పిల్లుల మెదడులో కూడా నమోదు చేశారు. సెకనుకు దాదాపు 40 సార్లు లయబద్ధంగా సాగే నాడీస్పందనలే ఎరుకకు ఆధారం కావచ్చునని 1990లో శాస్త్రవేత్తలు ఫ్రాన్సిస్ క్రిక్, క్రిస్టాఫ్ కాక్ ప్రతిపాదించారు గాని, అది రుజువు కాలేదు.