సి నిండిపోయింది, డి ఖాళీ: ఒకే ఎస్‌ఎస్‌డీని విడగొట్టడం అవసరమా?

గాజువాక ఫైనలియర్:
512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11, 16 జీబీ ర్యామ్. మొత్తం 476 చూపిస్తోంది. కొన్నప్పుడే షాపులో సి కి 100 ఇచ్చి మిగతాదంతా డి చేసేశారు. ఇప్పుడు సి లో 3 జీబీ మిగిలింది, ఆండ్రాయిడ్ స్టూడియోలో (యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్) ఎమ్యులేటర్, అంటే ల్యాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్, లేవట్లేదు. డి లో ఉన్నది 11 జీబీ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి ని ష్రింక్ చేశాను, ఖాళీ వచ్చింది. కానీ సి మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కడానికే రావట్లేదు. ఏం చేయాలి? అసలు ఈ డి ఎందుకు?

రుషికొండ రూట్:
సి కి కుడిపక్కన ఆనుకుని ఉన్న ఖాళీని మాత్రమే విండోస్ సి లో కలుపుతుంది. మీరు ష్రింక్ చేస్తే ఖాళీ డి కి అవతల పడింది. పైగా సి కీ డి కీ మధ్య రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే టూల్స్ ఉండే భాగం) ఉండుంటుంది, చూడండి. డి మొత్తం తీసేసినా ఎక్స్‌టెండ్ వెలగదు, అది అడ్డం. ఇక డి ఎందుకంటారా, ఎందుకూ కాదు. ఎస్‌ఎస్‌డీలో సి, డి అనేవి టేబుల్‌లో గీసిన గీతలు. లోపల కంట్రోలర్ డేటాని తనకి నచ్చిన చోట రాస్తుంది. ఈ గీత వల్ల ఒరిగిందల్లా 360 జీబీ ఖాళీ పెట్టుకుని విండోస్ ఆకలితో చావడం.

డాబాగార్డెన్స్ బెంచి:
ఎందుకూ కాదంటారేటి? రేపు విండోస్ పోతే సి ఫార్మాట్ కొడతారు, డి లో డేటా నిలబడుతుంది. ఇరవై ఏళ్లుగా అందరూ చేసేది పిచ్చితనమా? పైగా మొదటి పార్టిషన్ చిన్నగా ఉంటే విండోస్ ఫాస్ట్‌గా లేస్తుంది.

రుషికొండ రూట్:
ఆ ఫాస్ట్ మాట హార్డ్‌డిస్క్‌ది. పళ్లెం బయటి అంచున ఒక్కో చుట్టుకి ఎక్కువ డేటా పడుతుంది, మొదటి పార్టిషన్ అక్కడ పడుతుంది కాబట్టి వేగం. ఎస్‌ఎస్‌డీలో పళ్లెమూ లేదు, అంచూ లేదు.

డాబాగార్డెన్స్ బెంచి:
నేను హార్డ్‌డిస్క్ గురించే అన్నాను. నా రిపేర్ బెంచి మీదికి ఇప్పటికీ వారానికి నాలుగు అవే వస్తాయి.

రుషికొండ రూట్:
అడిగినాయన ఎస్‌ఎస్‌డీ అని మొదటి వాక్యంలోనే రాశాడండీ.

డాబాగార్డెన్స్ బెంచి:
థ్రెడ్ ఆయనొక్కడే చదవడు కదా.

పెందుర్తి నెట్‌సెంటర్:
మీరిద్దరూ తేల్చుకునేలోపు ఆ కుర్రాడి సెమిస్టర్ అయిపోద్ది.

ఎంవీపీ మేడమ్:
ముందు పార్టిషన్ జోలికి వెళ్లకుండా చోటు తీయండి బాబూ. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అందులో పాత విండోస్ ఇన్‌స్టలేషన్ కనిపిస్తే అదొక్కటే బోలెడు లాగుతుంది. డౌన్‌లోడ్స్ అనే వరుసకి టిక్ పెట్టి ఉందేమో మాత్రం చూసుకోండి, అవి మీ ఫైల్సే, చెత్త కాదు.

తర్వాత హైబర్నేషన్ ఫైల్. ర్యామ్ సైజులో సుమారు 40 శాతం చోటు సి లో ఆక్రమిస్తుంది, మీ 16 కి 6.4 జీబీ. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే పోతుంది. దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. స్లీప్‌లో పెట్టి వదిలేసే అలవాటుంటే జాగ్రత్త, బ్యాటరీ అయిపోతే సేవ్ చెయ్యని పని గల్లంతే.

మీకు అసలు బరువు ఎమ్యులేటర్లది. ఒక్కో వర్చువల్ డివైస్ పలు జీబీలు తింటుంది, అన్నీ సి లో మీ యూజర్ ఫోల్డర్ కింద డాట్ ఆండ్రాయిడ్‌లో పడతాయి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ఏది ఎక్కడుందో ప్రోగ్రాములకి చెప్పే విండోస్ సెట్టింగ్) ఆండ్రాయిడ్ ఏవీడీ హోమ్, గ్రేడిల్ యూజర్ హోమ్ రెండూ (పదాల మధ్య అండర్‌స్కోర్‌తో) డి లో ఫోల్డర్లకి చూపించండి. ఎస్‌డీకే (యాప్ తయారీ టూల్స్) చోటు స్టూడియో సెట్టింగ్స్‌లోనే మార్చొచ్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉంది. డి లో ఒక ఫోల్డర్ చేసి దానికి మార్చండి, వట్టి డి డ్రైవ్‌నే ఇస్తే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్ అయి కూర్చుంటుంది, వెనక్కి తేవడం తలనొప్పి. డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ బ్యాకప్‌లో ఉంటే ముందు అది ఆపాలి.

ప్రోగ్రామ్ ఫైల్స్‌ని కట్ చేసి డి లో పేస్ట్ చెయ్యమని ఎవరైనా చెబితే నమ్మకండి. రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్స్ రాసుకునే పట్టిక) చూసి విండోస్ పాత చోటే వెతుకుతుంది, సాఫ్ట్‌వేర్లు లేవవు.

డాబాగార్డెన్స్ బెంచి:
చూశారా, మేడమ్ అన్నీ డి లోకే పంపిస్తున్నారు. డి పనికొచ్చింది కదా.

రుషికొండ రూట్:
గోడ కట్టి, గోడకి కన్నం పెట్టి, కన్నం ఎంత బాగుందో అంటున్నారు. గోడే లేకపోతే ఇన్ని సర్దుళ్లు ఎందుకు?

సీతమ్మధార సాంబారిడ్లీ:
నాకు అదే గోడ కొంప ముంచింది. ఊళ్లో ఒక షాపులో సి ఫార్మాట్ చెయ్యమంటే డి కొట్టేశారు. పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. అడిగితే 'మీరు బ్యాకప్ తీసుకోలేదా' అన్నారు. డి సేఫ్ అని చెప్పిందీ వాళ్లే.

రుషికొండ రూట్:
అది ఎలా జరుగుతుందంటే, విండోస్ సెటప్ స్క్రీన్‌లో సి, డి అక్షరాలు కనపడవు. డిస్క్ 0 పార్టిషన్ 3, పార్టిషన్ 5, పక్కన సైజు, అంతే. రెండూ దగ్గరదగ్గర సైజులైతే తొందర్లో వేలు జారుతుంది. వాల్యూమ్‌కి ముందే పేరు పెట్టి ఉంటే ఆ తప్పు జరగదు. ఈ షాపుల్లో అంత ఓపిక ఎవరికి? ఇరవై నిమిషాల్లో ఫార్మాట్, డబ్బులు, పో.

డాబాగార్డెన్స్ బెంచి:
మాట తూకం వేసి మాట్లాడండి. ఏసీ గదిలో కూర్చుని చెప్పడం వేరు. శనివారం సాయంత్రం ఏడింటికి బూట్ అవ్వని ల్యాప్‌టాప్ తెస్తారు, సోమవారం రివ్యూ అంటారు. బ్యాకప్ లేదు, మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ గుర్తులేదు. డేటా అంతా సి లో ఉంటే నేను పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ముందు బయటికి లాగాలి. 300 జీబీ, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి సెకనుకి 100 ఎంబీ చొప్పున వెళ్లినా 50 నిమిషాలు, చిన్న ఫైళ్లుంటే గంటలు. దానికి వేరే చార్జీ అంటే 'కాపీ చేయడానికి డబ్బులా' అని మొహం మీదే అంటారు. డి లో ఉంటే ముట్టుకోకుండా సి ఒక్కటి కొట్టి రాత్రికే ఇచ్చేస్తాను.

రుషికొండ రూట్:
ఇప్పుడు వచ్చింది అసలు సంగతి. డి కస్టమర్ కోసం కాదు, కాపీ చేసే పని తప్పడం కోసం.

డాబాగార్డెన్స్ బెంచి:
ఆ పనికి ఎవరూ డబ్బివ్వరు కాబట్టి. మీరిస్తారా? బ్యాకప్ తీసుకోని మనిషికి డి ఒక్కటే దిక్కు. తీసుకోవాలి తీసుకోవాలి అని మీరు గోల పెడితే తీసుకుంటారా?

రుషికొండ రూట్:
బ్యాకప్ తీసుకోని మనిషికి డి చూపించి 'ఇక్కడ సేఫ్' అంటే జన్మలో తీసుకోడు. ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతే సి, డి ఒకేసారి పోతాయి. ఇంకోటి వినండి. విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌ల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి తాళం, బిట్‌లాకర్ రకమే) దానంతటదే ఆన్ అవుతుంది, డి కూడా అందులోకే వస్తుంది. డి ని తెరిచే ఏర్పాటు సి లో ఉంటుంది. మీరు సి కొట్టేశాక డి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ ఉన్న అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేదని మీ కస్టమరే చెప్పాడు కదా. ఇక డి దేనికి దిక్కు?

డాబాగార్డెన్స్ బెంచి:
అందుకే కీ చూపించకపోతే నేను ముట్టుకోను. అడగని షాపుల సంగతి నాకు కట్టకండి.

ఎంవీపీ మేడమ్:
విండోస్ పాడైందని ప్రతిసారీ ఫార్మాట్ దేనికండీ? రీసెట్‌లో 'కీప్ మై ఫైల్స్' ఉంది. సాఫ్ట్‌వేర్లు పోతాయి, ఫైల్స్ ఉంటాయి. సి ని ఫార్మాట్ చెయ్యకుండా దాని మీదే విండోస్ ఎక్కించినా పాతదంతా విండోస్ డాట్ ఓల్డ్‌లోకి వెళ్తుంది, వెంటనే తీసుకోవచ్చు.

డాబాగార్డెన్స్ బెంచి:
100 జీబీ సి నిండిపోయి ఉంటే అక్కడ విండోస్ డాట్ ఓల్డ్‌కి చోటేది మేడమ్?

రుషికొండ రూట్:
సి ని 100 చేసిందెవరు?

మోడరేటర్:
ఇద్దరూ తగ్గండి. అడిగినాయనకి దారి చెప్పండి.

రుషికొండ రూట్:
సరే. డి లోని 11 జీబీ ఎక్స్‌టర్నల్‌కి కాపీ చేసి, తెరిచి చూసుకోండి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, సస్పెండ్ చెయ్యండి. చార్జర్ పెట్టే ఉంచండి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సీ /డిజేబుల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. అప్పుడు విన్‌ఆర్‌ఈ ఫైల్ (రికవరీ టూల్స్ ఉండేది) సి లో సిస్టమ్32 కింద రికవరీ ఫోల్డర్‌లోకి వస్తుంది. వచ్చిందని చూశాకే ముందుకి. అది దాచిన ఫైల్, మామూలుగా కనపడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి ని డిలీట్ చెయ్యండి. రికవరీ పార్టిషన్ అక్కడ పోదు. డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌లో దాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ అని కొట్టండి. ఎంటర్ కొట్టేముందు సైజు చూడండి, వందల ఎంబీల్లో ఉండాలి. మొదట్లో ఉండే చిన్నది ఈఎఫ్‌ఐ, అది పోతే బూట్ పోయినట్టే. ఇప్పుడు ఎక్స్‌టెండ్ వెలుగుతుంది. చివర 1024 ఎంబీ వదిలి మిగతాది సి కి ఇవ్వండి.

గాజువాక ఫైనలియర్:
ఆ 1024 వదలకపోతే? రికవరీ ఎప్పుడూ వాడలేదు.

రుషికొండ రూట్:
మేడమ్ చెప్పిన రీసెట్ లేచేది దాంట్లోంచే. చిన్నగా ఉన్నా ఇబ్బందే. 2024 జనవరిలో వచ్చిన విండోస్ 10, 11 రికవరీ అప్‌డేట్‌లు చాలామందికి ఆ పార్టిషన్‌లో చోటు చాలక ఫెయిలయ్యాయి, 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్టే చెప్పింది. ఆ 1024 లో కొత్త పార్టిషన్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ చేసి, అది రికవరీ పార్టిషన్ అని విండోస్‌కి చెప్పే టైప్ ఐడీ, యాట్రిబ్యూట్ కోడ్‌లు మైక్రోసాఫ్ట్ పేజీ నుంచి కాపీ చేసి పెట్టండి, చేత్తో టైప్ చెయ్యొద్దు. తర్వాత రీఏజెంట్‌సీ ఎనేబుల్, చివర రీఏజెంట్‌సీ ఇన్ఫో కొట్టి ఎనేబుల్డ్ అని చూడండి. బిట్‌లాకర్ మళ్లీ రెజ్యూమ్.

డాబాగార్డెన్స్ బెంచి:
తమ్ముడూ, ఇదంతా చెయ్యడానికి చెయ్యి వణికితే సి కి 250 ఇచ్చి డి ఉంచుకో. డి ని కుడికి జరిపే టూల్స్ ఉన్నాయి, 11 జీబీయే కాబట్టి త్వరగానే అవుతుంది. మధ్యలో ఆపకు, ఆగితే డి లో డేటా దక్కదు. బిట్‌లాకర్ ఉంటే ముందు పూర్తిగా డీక్రిప్ట్ చెయ్యి. రికవరీని కూడా జరిపే టూల్ అయితేనే సి పెరుగుతుంది.

గాజువాక ఫైనలియర్:
రూట్ గారు చెప్పినట్టే చేశాను. సి 475 చూపిస్తోంది, ఇన్ఫోలో ఎనేబుల్డ్ అని వచ్చింది. ఎమ్యులేటర్ లేచింది.

డాబాగార్డెన్స్ బెంచి:
మంచిది. ఇప్పుడు ఆ 11 జీబీ ఎక్కడుంది?

గాజువాక ఫైనలియర్:
సి లో వేసేశాను. ఎక్స్‌టర్నల్ ఫ్రెండ్‌ది, తిరిగిచ్చేశాను.

డాబాగార్డెన్స్ బెంచి:
రూట్ గారూ, చూశారా?