దండచేతి నాడుల్లో కనిపించేది వైకల్యమా, భేదమా?

విశాఖపట్నంలో వైద్యవిద్య చదువుతున్న సభ్యురాలొకరు, దండచేతిలోని (ప్రశ్నలోని మాటలో ‘పైచేయి’, అంటే భుజానికీ మోచేతికీ నడుమ భాగంలోని) నాడుల అమరిక మనిషికీ మనిషికీ మారడాన్ని ‘నాడీవైకల్యం’ అనవచ్చునా అని అడిగారు. అనకూడదని నా అభిప్రాయం.

మెడ దిగువనున్న ఐదు వెన్నునాడుల శాఖలు అల్లుకొని బ్రాకియల్ ప్లెక్సస్ ఏర్పడుతుంది. దాని నుండి పుట్టే మస్కులోక్యుటేనియస్ నాడి సాధారణంగా దండచేతి పైభాగంలోని కొరాకోబ్రాకియాలిస్ కండరంలోకి దూసుకుపోయి, మోచేతిని ముడిచే బైసెప్స్, బ్రాకియాలిస్ కండరాలకు శాఖలిచ్చి, చివరకు ముంజేతి వెలుపలి చర్మానికి చేరుతుంది. అయితే కొందరిలో అది ఆ కండరంలో దూరకుండా పక్కనుండే సాగిపోతుంది, కొందరిలో వేళ్లను కదిలించే కండరాలకు వెళ్లే మీడియన్ నాడితో ఒక శాఖ ద్వారా కలుస్తుంది, అరుదుగా విడి నాడిగా కనిపించనే కనిపించదు. అప్పుడు దాని పనిలో చాలాభాగం మీడియన్ నాడే చూసుకుంటుంది. ఇంత మారినా ఆ మనిషి అందరిలాగే బిందె ఎత్తుతాడు, అన్నం కలుపుకొని తింటాడు. వికలమంటే కొరవడినదని కదా అర్థం? ఇక్కడ కొరవడిందేమిటి?

‘తేడా’ కూడా సరిపడదు. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీలో “మీ నరం తేడాగా ఉంది” అంటే, పెందుర్తి నుండి వచ్చిన రోగికి ఆ రాత్రి నిద్ర పట్టదు. వాడుకలో తేడా అంటే ఏదో చెడిందనే. తాళపత్ర ప్రతుల్లో ఒకే పద్యానికి దొరికే పాఠభేదంలో గణాలూ యతీ కుదిరి, అర్థమూ పొసగినప్పుడు దాన్ని తప్పనము. ఆ బాటలోనే ‘నిర్మాణభేదం’ అనడం నాకు సమంజసంగా తోస్తున్నది.

శస్త్రవైద్యులు మాత్రం ఈ భేదాన్ని తేలికగా తీసుకోలేరు. మస్కులోక్యుటేనియస్ విడిగా లేని వ్యక్తికి చంక దగ్గర మీడియన్ నాడి తెగితే, వేళ్లతోపాటు మోచేతిని ముడిచే బలమూ తగ్గుతుంది. నాడి పేరు చూసి అంచనా వేసేవారికి ఇది అంతుపట్టదు.

ప్రశ్నలో వాడిన ‘పైచేయి’ని కూడా మార్చడం మేలు, అది చదివితే ఎవరో ఎవరిమీదో నెగ్గారనిపిస్తుంది. దండకడియం తొడిగే చోటు కనుక ‘దండచేయి’ చాలును. ఇక రెండు నాడులను కలిపే శాఖను ‘సంధాయక శాఖ’ అనాలా, ‘కలుపు శాఖ’ అనాలా అన్నది మిగిలింది. రెండవది వ్యవసాయశాఖవారి మాటలా వినిపిస్తున్నది కనుక నేను మొదటిదానివైపే ఉన్నాను.