బాత్రూమ్ అండర్‌ఫ్లోర్ హీటింగ్: థర్మోస్టాట్ ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి? (యూకే)

ప్రశ్న:
లీడ్స్‌లో మేడమీది బాత్రూమ్, చెక్క ఫ్లోరు. గది 2.4 × 2.1 మీటర్లు. టబ్బు, కమోడు, బేసిన్ యూనిట్ పోగా ఖాళీ చోటు 3 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 150 వాట్ల ఎలక్ట్రిక్ మ్యాట్ (టైల్స్ కింద పరిచే, హీటింగ్ తీగ కుట్టిన జాలీ) తెచ్చాం, పైన పోర్సిలిన్ టైల్స్ వస్తాయి. గాలి సెన్సర్ ఉన్న థర్మోస్టాట్ చాలు, టైల్స్ కింద వేడి కొలిచే ఫ్లోర్ సెన్సర్ దండగ అంటున్నాడు టైల్స్ మేస్త్రీ. నిజమేనా? థర్మోస్టాట్ బాత్రూమ్‌లోనే బిగించవచ్చా? కరెంటు పక్కగది సాకెట్ నుంచి లాగొచ్చా?

జవాబు 1:
ఫ్లోర్ సెన్సర్ లేకుండా మ్యాట్ వేయకండి. థర్మోస్టాట్ ఎలాగూ బాత్రూమ్ గోడకి బయటివైపే పెట్టడం మంచిది, మన ఇళ్ళల్లో గీజర్ స్విచ్ బయట ఉన్నట్టే. టబ్బు అంచు నుంచి 0.6 మీటర్ల వరకు, 2.25 మీటర్ల ఎత్తు దాకా జోన్ 2 (కరెంటు సామాన్ల మీద ఆంక్షలున్న తడి ప్రాంతం). ఆ లోపల మామూలు థర్మోస్టాట్ గానీ స్పర్ స్విచ్ (మ్యాట్‌కి కరెంటు ఇచ్చే, ఫ్యూజ్ ఉన్న గోడ స్విచ్) గానీ ఉండకూడదు. జోన్ దాటి లోపలే పెట్టినా ఆవిరికి ఎలక్ట్రానిక్స్ తొందరగా పాడవుతాయి. బయట పెట్టి గాలి సెన్సర్ మీద నడిపితే అది హాల్లో వేడినే చూస్తుంది. హాలు వెచ్చగా ఉంటే టైల్స్ చల్లగానే ఉండిపోతాయి, హాలు చల్లగా ఉంటే మ్యాట్ ఆగదు. అందుకే మెనూలో ‘ఫ్లోర్’ మోడ్ ఉన్నదే కొనండి. ఫ్లోర్ గరిష్ఠ పరిమితి కూడా పెట్టుకోగలగాలి. 28 డిగ్రీలు కాళ్ళకి హాయిగా ఉంటుంది, బాత్రూమ్‌లో 33 దాటనివ్వకండి.

ఆంపియర్ల గురించి దిగులు లేదు. మీ మ్యాట్ 450 వాట్లు, అంటే 2 ఆంపియర్ల లోపే. దాదాపు అన్ని థర్మోస్టాట్లూ 16 ఆంపియర్లవే. వైఫై మీ ఇష్టం, చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ మాత్రమే పట్టుకుంటుంది.

సాకెట్ సర్క్యూట్ నుంచి లాగొచ్చు, కానీ మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజ్‌తో ఫ్యూజ్డ్ స్పర్ ఉండాలి, ఆ సర్క్యూట్ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై కట్ చేసే స్విచ్) కింద ఉండాలి. ఇంగ్లండ్‌లో మ్యాట్ టబ్బు చుట్టూ ఉన్న జోన్‌లోకి వస్తే ఆ పని పార్ట్ పి (ఇళ్ళల్లో కరెంటు పనుల బిల్డింగ్ నియమాలు) కింద అధికారులకి తెలియజేయాల్సిందే. ఎన్‌ఐసీఈఐసీ, నాపిట్ లాంటి ఎలక్ట్రీషియన్ల నమోదు సంస్థల్లో నమోదైన ఎలక్ట్రీషియన్ అయితే సర్టిఫికెట్ అతనే ఇస్తాడు.

జవాబు 2:
ఫ్లోర్ సెన్సర్‌ని నేరుగా అడ్హెసివ్‌లో (టైల్స్ అతికించే జిగురులో) పూడ్చేస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది. అది పాడైతే టైల్ పగలగొట్టాలి. సన్నని కాండ్యూట్ పైపులో (వైరు పోయే ప్లాస్టిక్ గొట్టంలో) పెట్టి, లోపలి కొస టేపుతో మూసేయండి. రెండు హీటింగ్ తీగల సరిగ్గా మధ్యలో, వేడినీళ్ళ పైపులకి దూరంగా ఉండాలి. తీగకి ఆనుకుంటే ఫ్లోరు వేడెక్కకముందే మ్యాట్ కట్ అవుతుంది. చాలా సెన్సర్ల రెసిస్టెన్స్ 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓంలు. 12, 15 కిలోఓంలవీ ఉన్నాయి. మెనూలో అదే రకం ఎంచకపోతే తెరమీద అంకె తప్పు చూపిస్తుంది.

మ్యాట్ రెసిస్టెన్స్ మూడుసార్లు కొలవండి: పెట్టెలోంచి తీయగానే, పరిచాక, టైల్స్ వేశాక. మీ 450 వాట్లకి 117 ఓంల చుట్టుపక్కల రావాలి. లేబుల్ మీద రాసినదానికి 5 శాతం తక్కువ, 10 శాతం ఎక్కువ దాకా మామూలుగా ఒప్పుతారు. ఇన్సులేషన్‌కి మల్టీమీటర్ చాలదు, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) కావాలి. ఆ టెస్ట్ ముందు థర్మోస్టాట్ విప్పేయండి, లేకపోతే అదే కాలిపోతుంది.

మ్యాట్‌ని మలుపు తిప్పాలంటే జాలీ మాత్రమే కత్తిరించండి, తీగ ఎప్పుడూ కాదు. తీగ, సప్లై వైరు కలిసే జాయింట్ కూడా టైల్ కింద అడ్హెసివ్‌లోనే ఉండాలి, గోడలోకి పోనివ్వకండి. చెక్క మీద ముందు 10 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ బోర్డు వేయండి, లేదంటే వేడిలో కొంత కిందికే పోతుంది.

అడిగినవారు:
థర్మోస్టాట్‌కి ఎర్త్ టెర్మినల్ కనబడలేదు. మ్యాట్ వైరులోని ఎర్త్ వదిలేయొచ్చా?

జవాబు 1:
అస్సలు వదలకండి! ప్లాస్టిక్ థర్మోస్టాట్‌కి ఎర్త్ అక్కర్లేదు, మ్యాట్‌కి కావాలి. తీగ చుట్టూ ఉన్న లోహపు అల్లికని బ్యాక్ బాక్స్‌లోనే (గోడలో థర్మోస్టాట్ వెనక ఉండే పెట్టెలోనే) కనెక్టర్‌తో సప్లై ఎర్త్‌కి కలపాలి. అది కలపకపోతే రేపు తీగ ఎక్కడైనా దెబ్బతిన్నప్పుడు ఆర్‌సీడీ పడదు, తడికాళ్ళతో నిలబడ్డ మనిషికి షాక్ కొట్టాకే పడుతుంది. కనెక్టర్‌కీ చోటు కావాలి కాబట్టి 35 మిల్లీమీటర్ల కన్నా లోతైన బాక్స్ పెట్టించండి.

జవాబు 2:
ఇంకొకటి. టైల్స్ వేసిన మర్నాడే ఆన్ చేయకండి. అడ్హెసివ్ సంచీ మీద రాసినన్ని రోజులు ఆగండి, సాధారణంగా 7 నుంచి 14. చుట్టగా ఉన్న మ్యాట్‌కి పరీక్ష కోసమైనా కరెంటు ఇవ్వకూడదు, ఇన్సులేషన్ కరిగిపోతుంది.