టర్ఫ్ మానేసి మట్టి గ్రౌండ్‌కి పోదామా?

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్) మీద వారానికి మూడు రోజులు ఫుట్‌బాల్ ఆడతాం. మొన్న కార్నర్ దగ్గర కార్పెట్ అతుకు లేచి ఉంటే అందులో స్టడ్ (బూటు కింది గుబ్బ) ఇరుక్కుని చీలమండ బెణికింది, ఓనర్‌కి చూపిస్తే నవ్వాడు. మట్టి నయమా?

జవాబు 1: ముందు ఏ బూట్లో చెప్పు బ్రో. గడ్డి కోసం చేసిన పొడుగు స్టడ్స్ టర్ఫ్‌లో పట్టేస్తాయి, ఒళ్లు తిరుగుతుంది గానీ పాదం తిరగదు, ఆ భారమంతా మోకాలి మీదే. పొట్టి గుబ్బలున్న టర్ఫ్ షూస్ కొను.

జవాబు 2: మట్టిలో ఆడి పెరిగినవాణ్ణి, స్లైడ్ వేస్తే తొడ తోలు ఊడేది. బంతి ఏ రాయికి తగిలి ఎటు పోతుందో తెలీదు, ఇక పాసింగ్ ఏం నేర్చుకుంటాం!

జవాబు 3: టర్ఫ్ గొడవ మనదొక్కటే కాదు. 2015 మహిళల వరల్డ్ కప్ కెనడాలో మొత్తం టర్ఫ్ మీదే పెట్టారు, ప్లేయర్లు కేసు కూడా వేశారు, చివరికి వెనక్కి తీసుకున్నారనుకో. ఎండకి టర్ఫ్ పెనంలా కాలుతుంది, మేలో పగలు అసలు వద్దు. డబ్బు కట్టే ముందు గడ్డి మధ్య పోసే నల్ల రబ్బరు గుళికలు అంతటా సమానంగా ఉన్నాయా, గోల్ ముందు అరిగిపోయాయా చూడండి.

ప్రశ్న అడిగినవాడు: గోల్ ముందు గుళికలే లేవన్నా, నున్నటి చాప!