ఫ్లాట్ స్టేజి స్ప్రింట్: 2.75 రేటుకి ఫేవరెట్‌ని తీసుకోవచ్చా?

లీడ్స్‌తెలుగు:
టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో ఫ్లాట్ స్టేజి (కొండలు లేని రోజు) ఉందంటే ఇక్కడ బ్రిటన్‌లో బుకీలు ముందురోజు సాయంత్రానికల్లా రేట్లు పెట్టేస్తారు. మామూలుగా కనిపించే బోర్డు ఇలా ఉంటుంది: మొదటి స్ప్రింటర్ 2.75 (పౌండు పెట్టి గెలిస్తే అసలుతో కలిపి 2.75 తిరిగొస్తుంది), రెండోవాడు 4.50, మూడోవాడు 5.50, ఆ తర్వాత అంతా 13 పైనే. ముగ్గురిలో ఎవరు ఫాస్టో తెలుస్తూనే ఉంటుంది. ఆ 2.75 సరైన రేటా కాదా అన్నది ఎలా తేల్చాలి? ఈచ్ వే (గెలుపుతో పాటు మొదటి కొన్ని స్థానాల మీద కూడా పందెం) మేలా, హెడ్ టు హెడ్ (ఇద్దరిలో ఎవరు ముందు) మేలా? గీత దాటాక జ్యూరీ వెనక్కి నెట్టేస్తే టికెట్ సంగతేంటి? ఎవరి ఫామ్ ఎలా ఉందన్నది వదిలేసి లెక్క చెప్పండి.

చివరికిలోమీటర్:
ముందు ప్రశ్నని రెండుగా విడదీయండి. ఇవాళ అసలు గుంపు స్ప్రింట్ (గుంపంతా కలిసి వచ్చి చివర్లో గీత కోసం ఎగబడే ముగింపు) అవుతుందా? అయితే ఇతను గెలుస్తాడా? చాలామంది రెండోదాని గురించే బుర్ర బద్దలు కొట్టుకుంటారు, డబ్బులు పోయేది మాత్రం మొదటిదాని దగ్గర.

100ని 2.75తో భాగించండి, 36.4 శాతం వస్తుంది. బుకీ మీకు అమ్ముతున్న అవకాశం అది. గుంపు స్ప్రింట్ అయ్యే అవకాశం 75 శాతం, అయితే మీవాడు గెలిచేది 35 శాతం అనుకుందాం. రెండూ గుణిస్తే 26 శాతం చిల్లర. దానికి న్యాయమైన రేటు 3.80. అదే 75 శాతం పట్టుకుని 2.75 గిట్టుబాటు కావాలంటే, స్ప్రింట్ అయిన రెండుసార్లలో దాదాపు ఒకసారి అతనే గెలవాలి. 2023లో స్ప్రింటర్ ఫిలిప్సెన్ ఆ ఊపులో ఉన్నాడు, ముందు అతని జట్టువాడు వాన్ డర్ పూల్ లాగుతుంటే ఒకే టూర్‌లో 4 స్టేజీలు కొట్టాడు. అలాంటి జోడీ ప్రతి ఏడూ దొరకదు.

ఆ టూర్‌లోనే 18వ స్టేజి చూడండి, బూర్గ్ ఆన్ బ్రెస్‌లో ముగిసింది. గుంపుని వదిలి ముందు పోయింది (దీన్నే బ్రేక్ అంటారు) నలుగురే: ఆస్‌గ్రీన్, ఎయిన్‌కోర్న్, కాంపెనార్ట్స్, అబ్రహంసెన్. కాగితం మీద పక్కా స్ప్రింట్ స్టేజి. అయినా గుంపు వాళ్లని అందుకోలేదు, ఆస్‌గ్రీన్ గెలిచాడు. వెనక గుంపులో మొదట వచ్చిన ఫిలిప్సెన్‌కి దక్కింది 4వ స్థానం. ఒక్కడే అన్నీ ఎగరేసుకుపోతుంటే మిగతా జట్లు అతని కోసం తమ మనుషుల్ని ఎందుకు అరగదీసుకుంటాయి? పైగా అది మూడో వారం, కాళ్లలో సత్తువ ఉండదు. అందుకే మొదటి వారం ఫ్లాట్ స్టేజికి 80, 85 శాతం వేసినా, మూడో వారంలో నేను 60 దాటను. లెక్కపెట్టాల్సింది స్ప్రింటర్లని కాదు, వెంటాడటానికి మనుషుల్ని పెట్టే జట్లని. రెండే ఉంటే అనుమానించండి.

పారిస్ గురించి పాత అలవాటు మానుకోండి. 2025లో మోంమార్త్ర్ గుట్టని మూడుసార్లు ఎక్కించారు, వాన్ ఆర్ట్ ఒంటరిగా వచ్చి గెలిచాడు. చివరి స్టేజి అంటే స్ప్రింటే అని కళ్లు మూసుకుని వేసే రోజులు పోయాయి.

పక్కగాలి:
పై లెక్కకి నా వంతు చేర్పు: స్టేజి మ్యాపులో చివరి 30 కిలోమీటర్లు రోడ్డు ఏ దిక్కుకి తిరుగుతుందో చూసి, ఆ సమయానికి గాలి ఎటు వీస్తుందో పొద్దున మళ్లీ చూడాలి. చెట్లూ ఇళ్లూ లేని మైదానంలో గంటకు 30 కిలోమీటర్ల గాలి పక్కనుంచి కొడితే గుంపు ముక్కలవుతుంది. 2025 మొదటి స్టేజి, లీల్‌లో అదే జరిగింది. చివరి 20 కిలోమీటర్లలోపు గుంపు తెగింది. పేరున్న స్ప్రింటర్లు మెర్లియే, మిలాన్ ఇద్దరూ వెనక ముక్కలో ఇరుక్కున్నారు, ముందు ముక్కలో ఉన్న ఫిలిప్సెన్ గెలిచాడు. వాళ్ల వేగానికి లోటేమీ లేదు, ఆ నిమిషానికి ముందు వరసలో లేరంతే.

ఇక చివరి కిలోమీటర్. స్ప్రింటర్ గంటకు 68 కిలోమీటర్ల మీద ఉంటే 200 మీటర్లు పదిన్నర సెకన్లు. నిండు బలంతో తొక్కగలిగేది కూడా దాదాపు అంతసేపే. ఎదురుగాలి ఉంటే 150 మీటర్ల దాకా ఎవరి వెనకో దాక్కోవాలి. తొందరపడి 250 దగ్గర లేచినవాడు మిగతావాళ్లకి గొడుగు పట్టినట్టే. వెనకనుంచి గాలి తోస్తుంటే లెక్క తిరగబడుతుంది, ముందు లేచినవాణ్ణి పట్టుకోవడం కష్టం. మిలాన్ లాంటి భారీ మనిషికి పొడుగాటి, వెడల్పాటి, తిన్నని రోడ్డు కలిసొస్తుంది. గీతకి 300 మీటర్లలోపు మలుపు ఉందంటే ఆ మలుపులోంచి మొదటి నలుగురిలో బయటపడనివాడి పని అయిపోయినట్టే. అలాంటి చోట మంచి లీడౌట్ (చివరిదాకా ముందుండి లాగే జట్టువాడు) ఉన్నవాడి రేటు కొనండి, ఒంటరిగా ఒకరి వెనక నుంచి ఇంకొకరి వెనకకి మారుతూ వచ్చేవాణ్ణి వదిలేయండి.

ముగింపు కాస్త ఎక్కుడుగా ఉందా? 2024లో కొలోంబే లే దూ ఎగ్లీజ్ అలాంటిదే, గిర్మాయ్ ఫిలిప్సెన్‌ని దాటేశాడు. ప్రొఫైల్ బొమ్మలో గీతలా కనిపించేది నేల మీద 3 శాతం చడావు కావచ్చు. గూగుల్ స్ట్రీట్ వ్యూలో చివరి రెండు కిలోమీటర్లు నడిపించి చూడండి, రౌండబౌట్లు కూడా అక్కడే బయటపడతాయి.

లీడ్స్‌తెలుగు:
బాగా అర్థమైంది. మరి ఈచ్ వే, హెడ్ టు హెడ్, జ్యూరీ సంగతి?

ఫొటోఫినిష్:
ఈచ్ వే అంటే రెండు బెట్లు. 9.00 రేటుకి 5 పౌండ్ల ఈచ్ వే అంటే మీ జేబులోంచి 10 పోతుంది. మొదటి మూడు స్థానాలకి గెలుపు లాభంలో నాలుగో వంతు అనే షరతులో ప్లేస్ (స్థానం) రేటు 3.00 అవుతుంది (8ని 4తో భాగించి 1 కలపాలి). రెండో స్థానం వస్తే 15 తిరిగొస్తుంది, లాభం 5. వినడానికి బాగానే ఉంది గానీ, ముందు పోయిన ముగ్గురు దొరక్కపోతే గెలుపు టికెట్‌తో పాటు ప్లేస్ టికెట్ కూడా చిరిగిపోతుంది. కాబట్టి ఈచ్ వే మిమ్మల్ని బ్రేక్ నుంచి కాపాడదు, ఇంకో స్ప్రింటర్ నుంచి మాత్రమే కాపాడుతుంది.

హెడ్ టు హెడ్ అలా కాదు. ఇద్దరిలో ఎవరు ముందు వచ్చారన్నదే లెక్క, బ్రేక్ గెలిచినా మీ పందెం బతికే ఉంటుంది. కానీ ఒక గొయ్యి ఉంది. గెలవలేనని తెలిసిన స్ప్రింటర్ చివరి 100 మీటర్లలో తొక్కడం ఆపేస్తాడు, 5వ స్థానం నుంచి 25కి జారిపోతాడు. లీడౌట్ మనిషైతే పని అవ్వగానే నిటారుగా లేచి కూర్చుంటాడు. రికార్ట్ లాంటి లీడౌట్ మనుషుల్ని హెడ్ టు హెడ్‌లో ఎప్పుడూ కొనొద్దు. ఎదురు పక్కన కొనండి.

జ్యూరీ విషయం. స్ప్రింట్ మొదలుపెట్టాక ఎంచుకున్న దారి వదిలి ఇంకొకరికి అడ్డం పోకూడదన్నది యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) నియమం. 2024లో డిజాన్‌లో గ్రూనెవేగెన్ తర్వాత రెండోవాడిగా వచ్చిన ఫిలిప్సెన్‌ని వాన్ ఆర్ట్‌కి అడ్డొచ్చాడని గుంపు చివరికి నెట్టారు. గిర్మాయ్ రెండు, గవిరియా మూడు అయ్యారు. 2019 జిరో ద ఇటాలియా (ఇటలీ టూర్) రేసులో ఓర్బెతెల్లో దగ్గర ఇంకా ఘోరం: మొదట గీత దాటిన వివియానిని తీసేసి గవిరియాని విజేతగా ప్రకటించారు. చాలా బుకీలు పోడియం వేడుక నాటి ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటారు, కొందరి షరతులు వేరు. మీ బుకీ పేజీలో సైక్లింగ్ నియమాలు అన్న భాగం తెరిచి ఈ ఒక్క వాక్యం వెతకండి. అక్కడే డెడ్ హీట్ కూడా చూడండి, ఇద్దరూ సమానమైతే సగం పందెమే పూర్తి రేటుకి చెల్లుతుంది. 2017లో కిటెల్, బోవాసన్ హాగెన్‌ల మధ్య తేడా 6 మిల్లీమీటర్లు.

మూడు కిలోమీటర్ల నియమాన్ని నమ్ముకోవద్దు. చివరి మూడు కిలోమీటర్లలో పడ్డవాడికి గుంపు సమయం ఇస్తారు, స్థానం ఇవ్వరు.

చివరికిలోమీటర్:
లైవ్ బెట్టింగ్ అడక్కముందే చెప్తున్నా. పాత సూత్రం ప్రకారం గుంపు ఒక నిమిషం తగ్గించడానికి 10 కిలోమీటర్లు పడుతుంది. 30 మిగిలి ఉండగా 3 నిమిషాల తేడా ఉంటే అది అటో ఇటో. రేటు మారే చోటు ఇదే, చివరి 5 కాదు. 2025లో షాతోరూ స్టేజి మొదట్లోనే వాన్ డర్ పూల్, రికార్ట్ పారిపోయారు. వాన్ డర్ పూల్‌ని పట్టుకుంది గీతకి 700 మీటర్ల దగ్గర, ఆపైన మెర్లియే గెలిచాడు. ఆ ఆఖరి నిమిషాల్లో మీ స్ట్రీమ్ సెకన్ల కొద్దీ వెనకుంటుంది, మీరు చూస్తున్నది అప్పటికే అయిపోయి ఉంటుంది. అక్కడ నొక్కకండి.

పందెం పరిమాణం: 4.50 దగ్గర 30 శాతం అవకాశం ఉందని మీ అంచనా అయితే, కెల్లీ సూత్రం మొత్తం నిధిలో 10 శాతం పెట్టమంటుంది. మన అంచనాలే ఐదారు శాతం తప్పుతాయి కాబట్టి అందులో నాలుగో వంతుకి మించొద్దు. ఒక స్టేజికి 2 శాతం చాలు.

ఇండియా నుంచి చదివేవాళ్లకి: ఆన్‌లైన్ బెట్టింగ్ తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2020 నుంచి నేరం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధం. వీపీఎన్ వేసుకుని తెరిచే అకౌంట్‌లో గెలిచినా డబ్బు చేతికి రాకపోతే ఎవరినీ అడగలేరు.

ఫొటోఫినిష్:
ఒకటి మర్చిపోయాను. స్టార్ట్ తీసుకోనివాడి మీద పెట్టిన పందెం చాలాచోట్ల తిరిగొస్తుంది, స్టార్ట్ తీసుకున్నాక పడిపోతే రాదు. 2025 మూడో స్టేజిలో ఫిలిప్సెన్ ఇంటర్మీడియట్ స్ప్రింట్ (దారి మధ్యలో పాయింట్ల కోసం పెట్టే గీత) దగ్గరే పడి రేసు వదిలేశాడు, టికెట్లన్నీ పోయినట్టే. గ్రీన్ జెర్సీ పాయింట్ల కోసం దారి మధ్యలో కూడా ఎగబడేవాడి రేటులో ఆ రిస్క్ కూడా కలిపి చూడండి.