ట్రంక్ రోడ్డులో పార్కింగ్ తీసేసి సైకిల్ దారి వేస్తే తొక్కేవాళ్ళు ఉంటారా?

వేదాయపాళెం వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన వారం ఇక్కడ ఒకరు ఆమ్‌స్టర్‌డామ్ వీడియో పెట్టారు. సూటు వేసుకున్న పెద్దమనిషి, వెనక సీట్లో పిల్లని కూర్చోబెట్టుకున్న తల్లి, డెబ్బై దాటిన అవ్వ, అందరూ మామూలు సైకిళ్ళ మీద ఆఫీసుకి, బడికి, కూరగాయలకి పోతున్నారు. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: మన దగ్గర అయ్యే పని కాదు.

ఎందుకు కాదు? నెల్లూరులో ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. వేదాయపాళెం నుంచి ఆత్మకూరు బస్టాండుకి పోయినా ఐదు కిలోమీటర్లకి అటూఇటూ. అంత దూరానికి పెట్రోలు పోసి, సిగ్నల్ దగ్గర పొగ పీల్చి, చివరికి బండి పెట్టే చోటు కోసం రెండు చుట్లు తిరుగుతున్నాం. నా ప్రతిపాదన ఇది: ట్రంక్ రోడ్డుకి రెండు వైపులా బండ్లు నిలబెట్టే జాగా తీసేసి, మధ్యలో గట్టు కట్టి సైకిల్ దారి చెయ్యాలి. ఒప్పుకునేవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు కారణం రాయండి. సైకిల్ అనగానే పార్టీ గుర్తు లాక్కొచ్చేవాళ్ళు, దానికి జవాబుగా ఫ్యాన్ తిప్పేవాళ్ళు దయచేసి వేరే చర్చకి పోండి.

ట్రంక్ రోడ్డు బట్టల అంగడి

ఒప్పుకోను. నాకు సైకిల్ మీద కోపమేమీ లేదు, మా నాయన జీవితమంతా దాని మీదే తిరిగాడు. కానీ మాకు బేరం ఇచ్చేది కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట నుంచి పెళ్లి బట్టలకి వచ్చే కుటుంబాలు. ముసలివాళ్ళు, చంటిపిల్లలతో ఆటోలోనో కారులోనో దిగుతారు. అంగడి ముందర బండి ఆపనివ్వకపోతే మినీ బైపాస్‌లో పార్కింగ్ ఉన్న షోరూముకి పోతారు, అంతే. మా కరెంటు బిల్లు, బాడుగ మీరు కడతారా?

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ సామెత మన ఊరిని చూసే పుట్టిందేమో. హాలెండ్‌లో ఎండ కాస్తే జనం పండగ చేసుకుని పార్కుల్లో పడుకుంటారు. రెండింటికీ పోలిక పెట్టకండి.

పెన్నా టు డెల్ఫ్ట్

అన్నా, మాది మూలపేటే, ఇప్పుడు హాలెండ్‌లో, అదే నెదర్లాండ్స్‌లో, డెల్ఫ్ట్ అనే ఊళ్ళో చదువుకుంటున్నాను. మీ రెండు మాటలకీ జవాబు రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఇక్కడివాళ్ళు పుట్టుకతోనే ఇలా ఉన్నారనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చేతిలో డబ్బులాడి అందరూ కార్లు కొన్నారు, ఊళ్ళల్లో చౌకులన్నీ పార్కింగులయ్యాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది దాకా చనిపోయారు, అందులో పిల్లలే 400 మందికి పైన. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, వీధులకి అడ్డంగా కూర్చున్నారు. అంతలో 1973 చమురు సంక్షోభం వచ్చింది, కొన్ని ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజుల్లో పిల్లలు హైవేల మీద ఆడుకున్నారు.

అంగళ్ళ సంగతికి గ్రోనింగెన్ అనే ఊరు చూడండి. 1977లో ఊరి నడిబొడ్డుని నాలుగు ముక్కలు చేశారు. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కకి కారులో నేరుగా పోవడానికి లేదు, బయటి రింగు రోడ్డెక్కి చుట్టి రావాలి. సైకిల్‌కి, నడిచేవాళ్ళకి అడ్డు లేదు. అప్పుడు అక్కడి వ్యాపారులు అచ్చం మీలాగే గొడవ చేశారు. ఈ రోజు నెదర్లాండ్స్‌లో సైకిల్ ఊరు ఏదంటే ముందు చెప్పే పేర్లలో అదొకటి. వాన పడుతుంటే సైకిల్‌వాళ్ళకి గ్రీన్ లైటు తొందరగా వచ్చేలా అక్కడ కొన్ని సిగ్నళ్ళకి సెన్సర్లు కూడా పెట్టారు.

ఎండకైతే హాలెండ్ వదిలేయండి, స్పెయిన్‌లో సెవీల్ తీసుకోండి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు. 2006 తర్వాత కొద్ది ఏళ్ళల్లోనే 80 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు, దానికోసం 5,000 దాకా పార్కింగ్ చోట్లు తీసేశారు. రోజుకి ఆరు వేల చిల్లర ఉన్న సైకిల్ ప్రయాణాలు 70,000కి పోయాయి. ఎండ అలాగే ఉంది, మారింది దారి.

ట్రంక్ రోడ్డు బట్టల అంగడి

తమ్ముడూ, సెవీల్‌ది పొడి ఎండ. మనకి సముద్రం పక్కనే ఉంది. ఉక్కపోతలో ఊరికే నిలబడితేనే చొక్కా పిండుకోవాలి. సరే, అది వదిలేస్తా.

నేను అడిగేది వేరే. పార్కింగ్ తీసిన జాగా ఖాళీగా ఉంటుందనుకుంటున్నావా? మర్నాడు పొద్దునకి అరటిపండ్ల బండి వస్తుంది, ఆ పక్కన పూలమ్మ, ఆ పక్కన మొబైల్ కవర్లవాడు. వాళ్ళని తరిమితే పేదోళ్ళ పొట్ట కొట్టారంటారు. తరమకపోతే సైకిల్ దారి కాగితం మీద మిగులుతుంది. నాలాంటి అంగడివాడికి ఎలాగోలా గడుస్తుంది, ముందు దెబ్బ వాళ్ళకే.

గాలి మిషన్

స్టోన్‌హౌస్‌పేటలో మాది సైకిల్ రిపేరు అంగడి, తాత నాటిది. మీరందరూ సైకిల్ తొక్కేవాళ్ళు రావాలి, వస్తారా అని మాట్లాడుతున్నారు. తొక్కేవాళ్ళు ఉండారబ్బా, మీకు కనపడటం లేదంతే.

తెల్లవారుజామున ఐదింటికి వచ్చి చూడండి. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్‌లు, పేపర్ వేసే పిల్లకాయలు, హోటళ్ళల్లో వంటవాళ్ళు, ఇడ్లీ క్యాన్ కట్టుకుని వీధులు తిరిగేవాళ్ళు. ఇడ్లీ ఆయన బండి ఒకటి నెలకోసారైనా మా దగ్గరికి వస్తుంది. వెనక క్యారేజీకి రెండు వైపులా ఇనప కమ్మీలు వెల్డింగ్ చేయించుకున్నాడు. ఒక పక్క ఇడ్లీ పాత్ర, ఇంకో పక్క సాంబారు, చట్నీ క్యాన్లు. బరువుకి వెనక రిమ్ము ఎప్పుడూ ఎడమ పక్కకి వంగుతుంది. ఎందుకంటే సాంబారు ఉండేది అటువైపు. లావు స్పోకులు వేయించాడు, అయినా రెండు తెగుతాయి. ఆయన్ని ఎవరైనా అడిగారా నీకు దారి కావాలా అని? అడిగితే ఏమంటాడో చెప్తా: పక్కన పోయే బస్సువాడు హారన్ కొట్టకుండా ఉంటే చాలు, ఉలిక్కిపడి సాంబారు ఒలికిపోతా ఉంది.

ఇంకో మాట. మునుపు గంటకింత అని బాడుగ సైకిళ్ళు ఇచ్చేవాళ్ళం. బార్ కింద కాలు దూర్చి నేర్చుకున్న పిల్లకాయలే ఈ రోజు బుల్లెట్ మీద వచ్చి వాళ్ళ పిల్లల గేరు సైకిల్‌కి గాలి కొట్టించుకుని పోతారు. ఆ గేరు సైకిల్ అపార్టుమెంటు సెల్లార్ దాటదు. దాటనివ్వరు.

మూలపేట టీచరమ్మ

దాటనివ్వరు అన్నారే, అసలు విషయం అదే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో చెప్తాను. బడికొస్తా పథకంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చినప్పుడు మా బడి ముందర వరసగా పెట్టిన సైకిళ్ళు చూస్తే కడుపు నిండేది. పక్క ఊళ్ళ నుంచి ముగ్గురు నలుగురు కలిసి వచ్చేవాళ్ళు, ఆటో కోసం, అన్న కోసం ఎదురుచూపు లేదు. బీహార్‌లో ఇలాగే 2006 నుంచి అమ్మాయిలకి సైకిళ్ళిస్తే హైస్కూల్లో చేరేవాళ్ళు 32 శాతం పెరిగారని పరిశోధకులు లెక్క తేల్చారు. కానీ మా పిల్లలు పదో తరగతి అయి టౌన్లో ఇంటర్‌లో చేరగానే సైకిల్ ఆగిపోతుంది. పల్లె రోడ్డు మీద పోనిచ్చిన తల్లే ఊళ్ళోకి వద్దంటుంది. లారీలు, బస్సులు అంటుంది. ఆ తర్వాత స్కూటీ కొనివ్వగలిగితే సరే, లేకపోతే ఆటో, అదీ లేకపోతే చదువే మానేసి ఇంట్లో కూర్చోవడం. నేనేం పెంచి చెప్పడం లేదు, ప్రతి బ్యాచ్‌లో చూస్తున్నా.

1990ల మొదట్లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్ళకి చదువుతో పాటు సైకిల్ తొక్కడం నేర్పారు. క్వారీలో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు కూడా సైకిళ్ళెక్కారు. అదే కాలంలో మన జిల్లాలో అదే అక్షరాస్యత ఉద్యమం దూబగుంటలో సారా అంగడి మూయించింది. మన వాళ్ళకి తెగువ తక్కువేం కాదు. సైకిల్ నేర్పాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఒంగోలు గిత్త

అక్కా, మీరు చెప్పింది బాగుంది గానీ మా ఊరికి వచ్చి చూడండి. కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్ళతో లారీలు దిగుతుంటాయి. ఒక్కో రాయి చిన్న గదంత ఉంటుంది. దాని పక్కన మీ ఇంటర్ పిల్లని సైకిల్ మీద పంపమంటే నేనూ పంపను.

అసలు సైకిల్ దారి వేస్తే అందులో పోయేది ఎవరు? మోటారు బైకులు. ఫుట్‌పాత్ మీదే ఎక్కిస్తుంటే సాపుగా, ఖాళీగా సైకిల్ దారి కనిపిస్తే వదులుతారా? మన జనానికి క్రమశిక్షణ లేదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు. ఎంత బాగుందో. కానీ అక్కడికి పోయేవాళ్ళు సైకిల్‌ని కారు వెనక కట్టుకుని పోతారు, తొక్కి మళ్ళీ కారులో ఇంటికొస్తారు. గాలి మిషన్ అన్న చెప్పే ఇడ్లీ ఆయనకి దాంతో పనేముంది?

పెన్నా టు డెల్ఫ్ట్

గిత్తన్నా, క్రమశిక్షణ ఇక్కడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో చిన్న స్కూటర్లు ఏళ్ళ తరబడి సైకిల్ దారిలోనే పోయేవి, జనం తిట్టుకునేవాళ్ళు. 2019లో నగరం వాటిని సైకిల్ దారిలోంచి తీసి రోడ్డు మీదకి పంపింది, హెల్మెట్ పెట్టుకోమంది. అదే ఏడు సైకిల్ మీద ఫోన్ పట్టుకుంటే జరిమానా అని దేశమంతా చట్టం తెచ్చారు. 2022లో ఇక్కడ 290 మంది దాకా సైకిల్ తొక్కేవాళ్ళే చనిపోయారు, వాళ్ళల్లో ముసలివాళ్ళు ఎక్కువ. కాబట్టి ఇదేదో స్వర్గమని నేను చెప్పను.

కానీ మనిషి బుద్ధి కంటే రోడ్డు కట్టిన తీరు ఎక్కువ పని చేస్తుంది. నేను రోజూ దాటే చోట సందులోంచి కారు పెద్ద రోడ్డెక్కాలంటే ముందు సైకిల్ దారి ఎత్తుకి ఎక్కి దిగాలి. సైకిల్ దారి ఎర్రటి తారు, అది ఎక్కడా తెగదు, కిందకి దిగదు. తెగేది కారు దారి. దానికి ముందు తెల్లటి త్రికోణాలు వరసగా, ఆగాల్సినవాడి వైపు మొన తిరిగి ఉంటాయి. ఎంత తొందరలో ఉన్న డ్రైవరైనా ఆ గట్టు ఎక్కేటప్పుడు వేగం తగ్గించాల్సిందే, లేకపోతే బండి కిందది వాడికే పగులుతుంది.

ఇంకొకటి, ఇది వేదాయపాళెం అన్నకి. 1970ల్లో ఇక్కడి ప్రభుత్వం డబ్బులిచ్చి ద హేగ్‌లో, టిల్‌బర్గ్‌లో చెరొక మంచి సైకిల్ దారి వేయించింది. ఆ దారిలో సైకిళ్ళు పెరిగాయి గానీ ఊరు మొత్తం మీద పెద్దగా మారింది లేదు. ఆ తర్వాత మా డెల్ఫ్ట్‌లో ఒక రోడ్డు కాకుండా వీధి వీధినీ కలిపే దారుల వల వేశారు, అప్పుడు ఊరంతా పెరిగింది. అందుకే ట్రంక్ రోడ్డు ఒక్కటీ చేస్తే ఫెయిలవుతుందని నా భయం. ఫెయిలయ్యాక ‘చూశారా, మనవాళ్ళు తొక్కరు’ అని ఇంకో ఇరవై ఏళ్ళు ఎవరూ ఆ మాటెత్తరు.

మూలపేట టీచరమ్మ

అయితే ట్రంక్ రోడ్డు కాదు, రైలు కట్ట దగ్గర మొదలుపెట్టండి. మన ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. అటు నుంచి ఇటు రావాలంటే మాగుంట లేఔట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండ్ లాంటి అండర్ బ్రిడ్జీలే ఎక్కువమందికి దిక్కు. గట్టి వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. మామూలు రోజుల్లో కూడా ఆ దిగుడులో బస్సుకీ గోడకీ మధ్య సైకిల్ ఇరుక్కుంటుంది. తల్లులు వద్దనేది ఆ చోటు చూసే. అక్కడ ఒక పక్క గట్టు కట్టి, కొంచెం ఎత్తులో దారి చేసి, బడుల దాకా సందుల్లోంచి కలిపితే నా పిల్లలు వస్తారు. అంగళ్ళ పార్కింగ్ ఒక్కటి కూడా ముట్టుకోనక్కర్లేదు.

వేదాయపాళెం వాసి

టీచరమ్మా, అండర్ బ్రిడ్జి మాటకి నూటికి నూరు ఒప్పుకుంటాను. కానీ ట్రంక్ రోడ్డు వదలను. సందుల్లో దారి వేస్తే సైకిల్ సందుల్లోనే ఉండిపోతుంది, మళ్ళీ ‘లేనివాళ్ళ బండి’ అనే ముద్ర పడుతుంది. అందరి కళ్ళ ముందు, బట్టల అంగడి అద్దాల ముందర నుంచి పోతేనే పెళ్ళికాని కుర్రోడు కూడా సిగ్గుపడకుండా ఎక్కుతాడు. ఒక కారు ఆగే చోట పది సైకిళ్ళు పడతాయి, అంగడికి పదిమంది గిరాకీ. ఈ లెక్క బట్టల అంగడి అన్న ఎందుకు చూడటం లేదు?

ట్రంక్ రోడ్డు బట్టల అంగడి

చూశా. ఆ పదిమందిలో పెళ్లి పట్టుచీర కొనేవాళ్ళు ఎంతమంది అని కూడా చూశా.

టీచరమ్మ చెప్పినదానికి సంతకం పెడతా, మా వీధి వ్యాపారులందరి చేతా పెట్టిస్తా. అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలిస్తే నాకూ బేరం పోతుంది. ట్రంక్ రోడ్డు సంగతి అది అయ్యాక.

గాలి మిషన్

అయ్యాక అంటే ఎవరూ చెయ్యరు సామీ, నాకు తెలుసు. సరే, అర్జీ రాయండి. నేను ఇడ్లీ ఆయన చేత, పేపర్ పిల్లకాయల చేత వేలిముద్రలో సంతకాలో పెట్టించుకొస్తా. తోపుడు బండ్లవాళ్ళ దగ్గరికి మాత్రం వేదాయపాళెం అన్న స్వయంగా పోవాలి. మీ జాగాలో సైకిల్ దారి వేస్తామని చెప్పడానికి నాకు నోరు రాదు, వాళ్ళ బండ్ల చక్రాలకి గాలి కొట్టేది కూడా నేనే.