సరిచేయలేని లోపం గురించి ఆటగాళ్లకు ఎంతవరకు చెప్పాలి?

మాది నల్లగొండ. నేనూ మా తమ్ముడూ ఫోనులో నలుగురు కలిసి ఆడే ఆన్‌లైన్ అష్టాచెమ్మా తయారుచేశాం. ఆడేవారు ఎక్కువగా మన జిల్లా వాళ్లు, మహబూబ్‌నగర్ వాళ్లు. మూడు వారాలుగా ఒక లోపం మా నిద్ర చెడగొడుతోంది. నాలుగు గవ్వలూ బోర్లా పడి అష్టా వస్తే ఇంకొకసారి వేయాలి కదా. దేవరకొండ బస్సులో సిగ్నల్ పోయి వచ్చేసరికి కొందరికి రెండుసార్లు అవకాశం వస్తోంది. జవాబు అందక ఫోను అదే సందేశాన్ని మళ్లీ పంపితే, సర్వర్ దాన్ని కొత్తదిగా లెక్కిస్తున్నట్లుంది. అదే సందేశం మళ్లీ వస్తే సర్వర్ గుర్తుపట్టేలా, గవ్వలు వేసిన ప్రతిసారికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చాం. తగ్గింది కానీ పోలేదు. ఇంట్లో కూర్చుని ప్రయత్నిస్తే మాత్రం ఒక్కసారీ రాదు!

“పరిశీలిస్తున్నాం” అని ఇప్పటికి రెండుసార్లు ప్రకటించాం. మూడోసారి రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ తయారుచేసేవాళ్లు లోపాల పట్టికను అందరికీ కనిపించేలా ఉంచి, నిర్ధారించినవి ఏవో, సరిచేయనివి ఏవో, అసలు లోపమే కానివి ఏవో విడివిడిగా చెబుతారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. తమ్ముడు వద్దంటున్నాడు. వివరంగా రాస్తే కొందరు కావాలనే నెట్ ఆపి ఆడతారని వాడి భయం, అదీ నిజమే.

అనుభవం ఉన్నవారు చెప్పండి: కారణం దాచి లక్షణం మాత్రమే చెబితే సరిపోతుందా? తేదీ ఇవ్వకపోతే జనం ఊరుకుంటారా? ఇప్పటికే అన్యాయంగా ఓడినవారికి ఏమని రాయాలి?